నాకు నచ్చిన వేటవిల్లు

గడచిన సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునాడు చేతిపనుల ప్రదర్శనమునందు మూడు విండ్లు గోడకు వ్రేలాడదీయబడి యుండెను. మొదటిది వెదురుబద్దతో చేసినది. పొడవు నాలుగున్నర అడుగులు. రెండవది చరచి కఱ్ఱను చెక్కి చేసినది. ఆరడుగుల పొడవును, తగిన లావును గలిగి, చూచువారికి భీమసేనుని ఆయుధమువలె గనబడుచుండెను. మూడవది పలుచని చెక్కబద్దలను జిగురుతో నతికి, మెఱుగుపూత పూసి, అంగళ్ళలో నమ్మెడు రకము. వాని క్రింద నొక కాగిత మంటించి, "వీనిలో వేటకు మేలైన విల్లు ఏది?" అని వ్రాసి, చూడవచ్చినవారు తమ యభిప్రాయమును చీటిపై వ్రాసి పెట్టెలో వేయవలసినదని కోరియుండిరి. సాయంకాలము చీటీలు లెక్కింపగా, సగమునకు మించి పెద్ద కఱ్ఱవింటికే పడినవి. మిగిలినవానిలో పెక్కులు మెఱుగు వింటికి బోయినవి. వెదురు వింటికి వచ్చిన చీటీలు ఏడు మాత్రమే. ఆ యేడింటిలో నొకటి నాది.

నా ప్రక్కను నిలిచియున్న యెనిమిదవ తరగతి బాలుడొకడు నా చీటిని చూచి, "తాతా, మీరు ఆ చిన్నదానికా వేసితిరి? అది పిల్లలాడుకొను విల్లు గదా!" అని నవ్వెను. నాడు నేను వానికి బదులు చెప్పలేదు. చెప్పవలెనన్నచో ఏబది యేండ్లకు పైబడిన కథ నొకదానిని చెప్పవలసి యుండెను. జనసమ్మర్దమునందు దానికి సమయము లేకపోయెను. కావున సంపాదకులు ఈ సంచికకు నన్ను ఏదైన వ్రాయుమని కోరినప్పుడు, ఆ బాలునకు బాకీపడిన ప్రత్యుత్తరమునే వ్రాయ నిశ్చయించితిని. వేటవింటిని ఎన్నుకొనువాడు బలమైనదానిని గాక, తన చేతిలో కదలక నిలుచుదానిని ఎన్నుకొనవలెననుటయే నా యభిప్రాయము. ఈ మాట వినుటకు మిక్కిలి సులభముగా నున్నది. కాని నాకది సులభముగా తెలిసినది కాదు.

మొదట నొక సందేహమును తీర్చెదను. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991 నాటి సవరణతో వేటకు లైసెన్సు లిచ్చెడు పద్ధతియు తొలగింపబడినది. ఆ చట్టమునందు ఆయుధములను పేర్కొనినచోట తుపాకులు, వలలు, ఉచ్చులు మొదలగువానితోపాటు విల్లమ్ములును చెప్పబడినవి. అనగా చెవులపిల్లిపైనైనను నేడు అమ్ము విడుచుట నేరమే. అట్లయినచో వేటవింటిని గూర్చి చర్చ యేల యని కొంద రడుగవచ్చును. దీనికి నా సమాధాన మేమనగా: యుద్ధమునకు చేసిన విల్లు వేఱు, ఆటకు చేసిన విల్లు వేఱు, వేటకు చేసిన విల్లు వేఱు. ఆటయందు గురి తప్పిన నొక మార్కు తగ్గును. వేటయందు గురి తప్పిన నొక ప్రాణి బాధపడును. వింటికి మనుష్యుడు పెట్టిన కొలతలలో నింతకంటె కఠినమైనది లేదు. వేట పోయినను ఆ కొలత పోరాదు.

ఇక కథకు వత్తును. 1968వ సంవత్సరమున నాకు పదునాలుగేండ్ల ప్రాయము. మా యూరు మేడ్చలునకును శామీర్‌పేటకును నడుమనున్న యొక చిన్న పల్లె. ఈనాడు బాహ్యవలయ రహదారి సాగిపోవుచున్న యా ప్రాంతమున నాడు బండరాళ్ళ గుట్టలు, సీతాఫలపు పొదలు, తంగేడు, మోదుగ, తాటిచెట్లు, అక్కడక్కడ ద్రాక్షతోటలు ఉండెడివి. మా మేనమామ చలికాలమున తెల్లవారుజామున లేచి చెవులపిల్లుల వేటకు పోవుచుండెడివాడు. ఆయనయొద్ద ఆదిలాబాదు వైపునుండి తెచ్చిన కఱ్ఱవిల్లు ఒకటి యుండెను. దానిని చెవివఱకు లాగుటకు పాతిక ముప్పది కిలోల బలము కావలసియుండెను. ఆ వింటిని భుజమున వేసికొని మామ గుట్ట యెక్కుచుండగా చూచుటయే నాకొక పండుగ.

మేడ్చలు బజారున గంపలు, చాటలు, తడకలు అల్లి బ్రదుకు నొక మేదరి ముసలివా డుండెడివాడు. మే మందఱము ఆయనను తాతా యని పిలుచువారము. నేను వేట నేర్చుకొనవలెనని మామ ఆయనచేత నాకొక వెదురువిల్లు చేయించెను. తాత దానిని నా చేతికీయగా, నేను దాని నటునిటు త్రిప్పి చూచి, "తాతా, ఇది పిల్లలది, నాకు మామ వింటివంటిది కావలె" నంటిని. తాత తన కత్తిని ప్రక్కకు బెట్టి, "బిడ్డా, విల్లు నిన్ను గుంజవద్దు, నువ్వు విల్లును గుంజవలె" నని మాత్రము చెప్పి, మరల గంప యల్లుకొనసాగెను. ఆ మాట నాకు రుచింపలేదు. చిన్న విల్లు చేసినందుకు పెద్దమాట చెప్పుచున్నాడని తలచితిని.

ఆ పుష్యమాసమున నొక దినము మామ జ్వరముతో పండుకొనియుండగా, నేను ఆయన విల్లును, నాలుగమ్ములను తీసికొని ఒంటరిగా గుట్టకు బోయితిని. మంచు విడువకమునుపే నాకు పదునైదడుగుల దూరమున నొక చెవులపిల్లి బండమీద కూర్చుండి ముఖము తుడుచుకొనుచు కనబడెను. అంతకంటె మంచి యవకాశము వేటగానికి దొరకదు. నేను అమ్ము సంధించి బలముకొలది లాగితిని. విల్లు సగము వంగునప్పటికే నా యెడమచేయి వడకసాగెను. ములికి చెవులపిల్లి తలమీదనుండి తోకకును, తోకమీదనుండి తలకును కదలుచుండెను. ఇంక నొక్కక్షణము నిలుపలేనని తోచి, గురి కుదురకమునుపే నారి విడిచితిని. అమ్ము దాని వెనుకతొడలో దిగెను. అది యొక్కటే కీచుమని యఱచి, అమ్ముతోనే ముండ్లపొదలలో దూరిపోయెను.

ప్రొద్దు నడినెత్తికి వచ్చువఱకు వెదకితిని. కాళ్ళు చేతులు చీరుకొనిపోయినవే గాని అది కనబడలేదు. ఇంటికి వచ్చి యెవ్వరికిని చెప్పలేదు. మూడవనాడు గుట్టమీద గ్రద్దలు తిరుగుచుండగా మామ చూచి, నన్ను వెంటబెట్టుకొని యటు పోయెను. ఒక బలుసు పొద క్రింద ఆ చెవులపిల్లి పడియుండెను. అమ్ము దాని తొడలోనే విఱిగి యుండెను. పొదచుట్టును నేల గీరినట్లు గుర్తులుండుటచే నది వెంటనే చావలేదని తెలియుచుండెను. మామ ఆ యమ్మును గుర్తుపట్టెను. చేతులతో మట్టి త్రవ్వి దానిని పూడ్చిపెట్టెను. నాతో నొక్క మాటయు ననలేదు. ఇంటికి వచ్చి తన పెద్ద వింటిని అటకమీద పెట్టెను.

మఱునాడు నేను మేదరి తాతయొద్దకు బోయి కథయంతయు చెప్పితిని. ఆయన నన్ను నిందింపలేదు. "రెండు విండ్లును తీసికొని ర" మ్మనెను. తెచ్చిన పిమ్మట, "ముందు పెద్దదాన్ని గుంజి పట్టు. నేను పది లెక్కపెట్టేదాక ములికి కదలవద్దు" అనెను. మూడు లెక్కింపకమునుపే నా చేయి వణకినది. తరువాత చిన్న వెదురు వింటిని పట్టించెను. పది లెక్కించువఱకును ములికి నిలుచున్నచోటనే నిలిచినది. అప్పుడు తాత, "నీ విల్లు ఏదో ఇప్పుడు నువ్వే చెప్పు బిడ్డా" అనెను. నాటినుండి నేటివఱకు వింటి నెన్నుకొనుటకు నేనెఱిగిన పరీక్షలలో నింతకు మించినది లేదు. అయితే ఇది ఎన్నుకొనునప్పటి పరీక్ష మాత్రమే. నిత్యము చేయదగినది కాదు. కఱ్ఱవింటిని పూర్తిగా లాగి చాలసేపు నిలిపినచో దాని పీచులు అలసి, విల్లు తన బిగువును పోగొట్టుకొనును.

ఆ తరువాత ఆఱుమాసములు మా దొడ్డిగోడకు గడ్డిమోపు నానించి, దానిపై నొక మోదుగాకు గ్రుచ్చి, పదునైదు అడుగులనుండి కొట్టుచుంటిని. ఆకు తప్పిపోవుట మానిన పిమ్మట రెండు పర్యాయములు మామతో వేటకు బోయితిని. రెండు మారులును జంతువు కనబడినను, గురిపై నమ్మకము కుదురకపోవుటచే అమ్ము విడువకయే తిరిగి వచ్చితిని. మొదటి మారు మామ నవ్వెను. రెండవ మారు నవ్వలేదు.

చదువరులారా, నా యనుభవ మొక్కటియే అయినచో ఇంత ధైర్యముగా అభిప్రాయము వ్రాయకపోవుదును. తరువాత చదివిన గ్రంథములును, చూచిన విండ్లును నన్నీ యభిప్రాయమునందే స్థిరపఱచినవి. బలమైన విల్లు దేనికి పుట్టినదో మొదట చూడుడు. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ యొక్క మేరీ రోజ్ అను యుద్ధనౌక 1545లో సముద్రమున మునిగిపోయి, 1982లో పైకి తీయబడినది. అందు నూటికి పైగా యూ కఱ్ఱ విండ్లు చెడక దొరికినవి. వానిలో పెక్కింటిని లాగుటకు నూఱు పౌనులకు పైబడిన బలము కావలెనని పరీక్షించినవారు చెప్పుచున్నారు. ఆ నౌకలో దొరికిన కొన్ని యస్థిపంజరములందు భుజపుటెముకలు సరిగా అతుకుకొనక యుండుటను చూచి, అవి చిన్ననాటినుండి అట్టి విండ్లను లాగిన విలుకాండ్రవి కావచ్చునని పండితులు ఊహించిరి. అది కవచమును భేదించుటకు, దూరముననున్న సైన్యముపై అమ్ముల వాన కురియించుటకు చేసిన విల్లు. అక్కడ నెవనికి తగిలినను, ఎక్కడ తగిలినను పనియే. వేటయం దట్లు గాదు.

వేటగాని బలము వింటిలో లేదు. జంతువు చేరువకు పోవుటలో నున్నది. కృష్ణానది కిరువైపుల నల్లమల యడవులలో నివసించు చెంచుల సంగతి చూడుడు. 1940లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుడు నాటి హైదరాబాదు సంస్థానమందలి అమరాబాదు పీఠభూమిలో వారి నడుమ నుండి, వారి జీవితమును 1943లో గ్రంథముగా ప్రకటించెను. విల్లమ్ములు చెంచువానికి నిత్యసహచరములైనను, వాని యాహారమున వేటమాంసముకంటె త్రవ్వి తెచ్చుకొను దుంపలు, ఏరుకొను ఫలములే యెక్కువ యని దాని వలన తెలియుచున్నది. ములికికి కావలసిన యినుమును కమ్మరి యొద్దనుండి తెచ్చుకొనుటయే గాని వారు తామే కరగించువారు కారు. ఒక్కొక్క ములికియు కష్టపడి సంపాదించుకొనిన వస్తువైనప్పుడు దానిని గురిలేక విడుచువాడెవడు?

ఇట్టిదే మఱియొక సాక్ష్యము సముద్రముల కావలినుండి వచ్చుచున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున యాహి యను జాతివా రందఱును నశింపగా, మిగిలిన యొకే యొక్కడు 1911లో అడవినుండి బయటికి వచ్చెను. అతనిని ఇషీ యని పిలిచిరి. శాక్స్టన్ పోప్ అను శస్త్రవైద్యుడు అతనితో స్నేహముచేసి, విల్లు చేయుటను, వేటాడుటను నేర్చుకొని, 1923లో ఒక పుస్తకము వ్రాసెను. దూరపు లక్ష్యములను కొట్టు పందెములలో ఇషీ గొప్పవాడు కాడట. దగ్గఱనున్న చిన్న వస్తువును కొట్టుటలో మాత్రము అతనికి సాటి లేదట. విల్లు ఎక్కుపెట్టియుంచినను, నిలువుగా నిలిపియుంచినను అలసిపోవుననియు, పని లేనప్పుడు దానిని పండుకొనబెట్టవలెననియు అతడు చెప్పెడివాడట. మా మేదరి తాతయు రాత్రియైనచో నారి దింపి, వింటిని చాపమీద పండుకొనబెట్టుమని చెప్పెడివాడు. వారిద్దఱకును నడుమ నెన్ని సముద్రములున్నవో యోచింపుడు. కఱ్ఱయొక్క స్వభావము ఇద్దఱికిని ఒకే పాఠమును చెప్పినది.

ఇక విల్లు దేనితో చేసినది మేలనుట. మన పూర్వులు ఈ విషయమున ఒక్క కఱ్ఱనే పట్టుకొని వ్రేలాడలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణమునందు తాళము, చాపము, దారువు, శార్ఙ్గము అని నాలుగు విధములైన వింటి పదార్థములు చెప్పబడినవి. అనగా తాటికఱ్ఱ, వెదురు, ఇతర వృక్షముల చేవ, కొమ్ము. అల్లెత్రాటికి మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు మొదలగువాని నారలును, జంతువుల నరములును చెప్పబడినవి. మన మేడ్చలు చుట్టుప్రక్కల తాటిచెట్టును, జిల్లేడును ఎఱుగని బాలుడెవడు? రెండువేల యేండ్లనాటి పుస్తకమునందలి సామగ్రి మన పొలము గట్టుమీదనే యున్నది.

విల్లు వంగినప్పుడు దాని వీపు, అనగా విలుకానికి ఆవలివైపుననున్న ముఖము, సాగును. కడుపు, అనగా విలుకానివైపు ముఖము, నొక్కుకొనిపోవును. ఒకే కఱ్ఱ ఈ రెండు పనులను చేయవలెను. వెదురుయొక్క పైపొరలో పీచులు దట్టముగా నుండి, ఎంత లాగినను తట్టుకొనును. కావుననే వెదురుబద్దను పైపొర వీపునం దుండునట్లు చెక్కుదురు. ఆ నున్నని పొరపై కత్తి తగిలినచో విల్లు అక్కడనే చిట్లును. చరచియు మంచి కఱ్ఱయే. సంస్కృతమున ఆ చెట్టును ధన్వన మందురు; ధనుస్సునకును దానికిని గల చుట్టఱికము ఆ పేరులోనే యున్నది. ప్రదర్శనములోని పెద్ద విల్లు చెడ్డదని నే ననలేదు. అది ఆ బాలుని విల్లు కాదని మాత్రమే నా వాదము.

విల్లు నెన్నుకొనువా రింకను కొన్ని విషయములు చూడవలెను. విల్లెక్కుపెట్టి, చేయి చాచి పట్టుకొని, రెండు కొమ్మలును సమముగా వంగినవో లేదో పరికింపవలెను. ఒకటి కఱుకుగను, మఱియొకటి మెత్తగను ఉన్నచో అమ్ము చెప్పినచోటికి పోదు. కొంతకాలమునకు మెత్తని కొమ్మ విఱుగును. కఱ్ఱవిల్లయినచో వీపున పీచు ఒక కొననుండి మఱియొక కొనవఱకు తెగక సాగినదో లేదో వ్రేలితో తడవి చూడవలెను. ముడి యున్నచోట కొంత లావు విడువబడి యుండవలెను. వెదురైనచో పచ్చిగా నఱికినది పనికిరాదు. ముదిరిన వెదురును చలికాలమున నఱికి, నీడన నార్చినదే మేలు. లేనిచో పురుగు పట్టి పిండి రాలును. అప్పుడప్పుడు ఆముదము పట్టించుట మంచిది.

అమ్ము లేక నారిని లాగి విడుచుట పిల్లలకు మిక్కిలి యిష్టమైన యాట. వింటి కంతకంటె చేటు లేదు. అమ్ము తీసికొని పోవలసిన వేగమంతయు కఱ్ఱలోనే మిగిలి దానిని చీల్చును. మిక్కిలి తేలికైన యమ్మును వాడుటయు నట్టిదే. అమ్మును వింటికి తగినదై యుండవలెను. బలహీనమైన యమ్ము బలమైన వింటినుండి పాము వలె మెలికలు తిరుగుచు పోవును. కావున విల్లును, నారిని, అమ్మును, చేతిని నాలుగింటిని కలిపి యెన్నుకొనవలెనే గాని విల్లు నొక్కదానినే యెన్నుకొనరాదు. గోడకు వ్రేలాడుచున్న వింటిని చూచి చీటి వేయుటలో నున్న లోప మిదియే. ఒక్క బాలుడును దానిని చేతబట్టి చూడలేదు.

మెఱుగు వింటి పక్షమున వాదించువారు నాతో నిట్లనిరి: "లోకము ముందునకు పోవుచున్నది. మన విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆమె వాడునది చక్రములు, తీగెలు గల యంత్రపు విల్లు. వెదురు బద్ద కాదు గదా." ఇది నిజమే. ఆమె విజయము తెలుగువారి కందఱికిని గర్వకారణము. శామీర్‌పేటకు పోవు త్రోవలో హకీంపేటనున్న ప్రభుత్వ క్రీడాపాఠశాలయందును విలువిద్య నేర్పుచున్నారు. అచటికి పోగలిగిన బాలబాలికలు తప్పక పోవలెను. కాని ఆ యంత్రపు వింటికిని ప్రతివానికి తగినట్లు లాగుబలమును, లాగుదూరమును కొలిచి అమర్తురని మఱువవద్దు. అక్కడను చేతికి తగిన విల్లే గాని గొప్ప విల్లు గెలువదు. తొలినాళ్ళలో మాత్రము కఱ్ఱవిల్లే మంచి గురువని నా నమ్మకము. అది చేసిన తప్పునకు వెంటనే శిక్షించును. తప్పెక్కడ జరిగినదో కంటికి కనబడునట్లు చూపును.

మఱికొందఱు వేఱొక వాదము చేయుదురు. వేట నిషిద్ధమైనప్పుడు వేటవింటిని మఱచిపోవుటయే మేలుగదా యని వారి యభిప్రాయము. నేను చట్టమును గౌరవించువాడను. పొద క్రింద పడియున్న ఆ చెవులపిల్లిని చూచినవాడు ఆ చట్టమునకు విరోధి కాజాలడు. అయినను ఇందు నొక విచారింపదగిన విషయమున్నది. 2006లో అడవిబిడ్డల హక్కులను గుర్తించు చట్టము వచ్చినప్పుడు, వారికి పరంపరగా వచ్చిన పెక్కు హక్కులు గుర్తింపబడినవి గాని, వేటహక్కు మాత్రము విడిచిపెట్టబడినది. చెంచుల యడవి నేడు పులుల సంరక్షణ కేంద్రము. పులి బ్రదుకవలెననుటలో సందేహములేదు. కాని చెంచు బాలుడు తన తాత చేసినట్లు విల్లు చేయుట మానినచో, ఏ వెదురును ఎప్పుడు నఱుకవలెనో, ఎట్లు వంచవలెనో, ఎంత చేరువకు పోయి యెప్పుడు విడువక మానవలెనో తెలిసిన విద్య యంతయు ఒక తరములో నశించును. అటుపిమ్మట విల్లు రాజకీయ సభలలో బహూకరించు వెండిపూత బొమ్మగాను, నాటకములో రాముని భుజమున వ్రేలాడు అట్టముక్కగాను మాత్రమే మిగులును.

ఆ దుఃస్థితి రాకుండుటకు వేట యక్కఱలేదు. విల్లు చేయుటను చేతిపనుల తరగతిలో నేర్పవచ్చును. వెదురు పని తెలిసిన పెద్దలు మన మేడ్చలు బజారున నింకను లేకపోలేదు. వారిని పాఠశాలకు పిలిచి, కుర్చీవేసి కూర్చుండబెట్టి, ఉపాధ్యాయుని వలె గౌరవించి నేర్చుకొనవచ్చును. ములికి లేని యమ్ముతో, వెనుక గోడయు ముందు నిర్మానుష్యమును గల చోట, పెద్దవారి యెదుట గడ్డిమోపును కొట్టవచ్చును. వేటగాని ఓర్పును, నిలుకడయు, విడువకుండ నుండగల శక్తియు అందును నేర్చుకొనవచ్చును. ప్రాణి నొకదానిని బాధించి నేను నేర్చుకొనినదానిని మీరు గడ్డిమోపును కొట్టి నేర్చుకొనగలిగినచో, నాకంటె మీరు అదృష్టవంతులు.

ఇప్పుడు మా పల్లె గుట్టలలో కొన్ని కంకరయై రోడ్లమీద పఱచుకొనినవి. సీతాఫలపు పొదలున్నచోట ఇండ్లు లేచినవి. శామీర్‌పేట పెద్దచెరువు సమీపముననున్న జవహర్ జింకల పార్కునకు నా మనుమలను తీసికొనిపోయినప్పుడు, కంచె కావల జింకలు చెవులు నిక్కించి మమ్ము చూచును. వానికిని మాకును నడుమ నించుమించు పదునైదడుగులే యుండును. ఆ దూరమును నా కన్ను తానే కొలుచును. నా యెడమచేయి తానే కొంచెము పైకి లేచును. కాని చేతిలో నేమియు నుండదు. అట్లు లేకుండుట నాకు సంతోషము.

తాత చేసిన వెదురువిల్లు నా యొద్ద చాలకాలమున్నది. నారి పలుమారులు మార్చితిని. పదేండ్ల క్రిందట నొక కొమ్మ చిట్లినది. ఇప్పుడది ఎక్కుపెట్టుటకు పనికిరాదు. నా మంచము ప్రక్కను చాపమీద పండుకొనియున్నది. ప్రదర్శనమున నేను చూచిన వెదురువిల్లు దానికి తోబుట్టువు వలె నుండెను. దానిని గోడనుండి దింపి లాగి చూచుటకు నిర్వాహకుల యనుమతి వేడి, పది లెక్కించునంతసేపు పట్టి చూచితిని. డెబ్బదియేండ్లు దాటిన నా చేయి కదలలేదు. అందుచేతనే దానికి చీటి వేసితిని.

నన్ను చూచి నవ్విన చిరంజీవికి నా విన్నపము. నాయనా, నీవు ఎన్నుకొనిన పెద్దవిల్లు మంచిదే. పది లెక్కించువఱకు దానిని నిలుపగలిగిన దినమున అది నీదే యగును. అప్పుడు నేనును నీకే చీటి వేసెదను. అందాక ఆ చిన్నదానిని చేత బట్టుము. వచ్చు వార్షికోత్సవమున మనమిద్దఱము మరల ఆ గోడయొద్ద కలిసికొందము.

— ఒక పూర్వ విద్యార్థి